ఎలుకల నీళ్లలో అప్పన్న గంధం

మా ఇంట్లో కడుపులో ఏమొచ్చినా ఒకటే పేరు, గ్యాస్. విశాఖలో ఏ ఇంటికెళ్లినా ఇంతే. ఛాతీలో మంటొస్తే గ్యాస్, వీపు పట్టేస్తే గ్యాస్, కొందరికి అల్లుడి మీద కోపం వచ్చినా గ్యాసే. మా నాన్న స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినన్నాళ్లూ టిఫిన్ క్యారేజీ పక్కన గులాబీరంగు మందుసీసా కూడా షిఫ్టుకి వెళ్లేది. చివరికి ఎవరో బలవంతం చేస్తే ఎండోస్కోపీకి ఒప్పుకున్నాడు. కడుపులో పుండు ఉందనీ, ఆ పుండుకి కారణం ఒక బాక్టీరియా అనీ తేలింది. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. ఇనుప మేకుని కూడా తినేసేంత ఆమ్లంలో కాపురం పెట్టుకుని, పిల్లాపాపల్తో హాయిగా బతికే ఘటం అది. రెండు వారాలు మాత్రలు వేసుకుంటే పోయింది. ఏళ్ల తరబడి ఉన్న గ్యాస్ అలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేసరికి నాన్న కొన్నాళ్లు దిగులుపడ్డాడు కూడా, పార్కులో స్నేహితులతో మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదని.

ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధనలో చేరి నేను ఆ బాక్టీరియానే ఎంచుకున్నాను. బంధువులంతా పితృభక్తి అనుకుని మురిసిపోయారు. భక్తీ లేదు, ఏమీ లేదు, కసి. మా నాన్నని అన్నేళ్లు ఏడిపించినదాన్ని గాజుపలక మీద పెట్టి చూడాలనిపించింది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. దీనికి కోపం ముక్కు మీద కాదు, ముక్కు కంటే రెండడుగులు ముందు నడుస్తుంది అంటాడు నాన్న.

మా పరిశోధనశాల ఊరి అంచున ఒక కొండవాలు మీద ఉండేది. వెనక తలుపు తీస్తే సముద్రం మీద పోర్టులోకి పిలుపు కోసం వరసలో నిలబడ్డ ఓడలు కనిపించేవి. మెట్లు దిగి వెళ్తే ఎలుకల గది. నాకు పరిశోధన నేర్పిన సార్ గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఎంత పెద్ద విషయమైనా కళ్లజోడు తుడుచుకుంటూనే చెప్పేవారు. అప్పటికి ఆయన రిటైర్‌మెంటు దగ్గర పడింది. ఆయన వెళ్లిపోతే ఆ పనిని కొనసాగించేవాళ్లు లేరు.

మందులుండగా టీకా ఎందుకని అందరూ అడిగేవారు. ఆ బాక్టీరియా మందులకి మెల్లమెల్లగా అలవాటు పడిపోతోంది. అసలు ఒంట్లోకి రాకుండా చేయగలిగితే ఈ గొడవే ఉండదు. కానీ ఇది మిగతా టీకాల్లాంటిది కాదు. రక్తంలో యాంటీబాడీలు ఎన్ని పెరిగినా జీర్ణాశయం గోడకి అంటుకుని కూర్చున్న దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అక్కడ కథ నడిపేవి కబుర్లు. ఒక కణం మరో కణానికి పంపుకునే బుల్లి ప్రొటీన్ కబుర్లు, సైటోకైన్లు అంటారు వాటిని. చాలా రకాలున్నాయి గానీ నాకు కావలసినవి రెండే. ఇంటర్‌ల్యూకిన్-17 అనేది "దొంగ పడ్డాడు, రండర్రా" అని తెల్లకణాలని పిలిచే కేక. ఇంటర్‌ల్యూకిన్-10 అనేది "చాల్లే, ఇంక ఇళ్లకి పొండి" అని సర్దిచెప్పే పెద్దమనిషి.

టీకా వేసిన ఎలుకల్లో ఆ కేక చాలా త్వరగా వినబడుతుంది. అందుకే వాటి కడుపులో బాక్టీరియా నిలవలేక తగ్గిపోతుంది. చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. కేక విని వచ్చినవాళ్లు దొంగని తన్ని ఊరుకోరు, ఊపులో ఇంటి తలుపులు కూడా విరగ్గొట్టేస్తారు. జీర్ణాశయం లోపలి పొర ఎర్రగా వాచిపోతుంది. నా మొదటి విడత ఎలుకల్లో సరిగ్గా అదే జరిగింది. బాక్టీరియా తగ్గింది, వాపు పెరిగింది. సార్ కళ్లజోడు తుడుచుకుంటూ, ఈ మంట దానంతటదే చల్లారుతుందా లేదా అన్నది చూడమన్నారు. చల్లారితే ఇలాంటి టీకా మీద ఆశ పెట్టుకోవచ్చు. చల్లారకపోతే రోగం కంటే టీకాయే పెద్ద రోగం అవుతుంది, మూటకట్టి అటక మీద పెట్టేయాలి. ఆయన ఉండగా ఒక విడత చేయగలం, గట్టిగా అయితే రెండు. నా నాలుగేళ్ల చదువంతా ఆ ఒక్క ప్రశ్న మీద వచ్చి కూర్చుంది.

ఎలుకల గది చూసుకునే ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. భీమిలి దాటాక ఏదో పల్లె, అక్కడ జీడితోట, కాస్త పొలం. రోజూ తెల్లారగట్లే బస్సెక్కి వచ్చి ఊక మార్చి, మేత వేసి, నీళ్ల సీసాలు నింపేవాడు. ఎలుకల్ని ఎలుకలు అనేవాడు కాదు, పిల్లలు అనేవాడు. మేం వాటిని పరీక్షకి తీసుకెళ్లే రోజుని బలి అనేవాడు. ఆ రోజు గది తాళం నా చేతికిచ్చి, కొండ దిగి టీ కొట్టు దగ్గర కూర్చుని, అంతా అయ్యాక కబురుపెడితే వచ్చేవాడు.

రెండో విడత మొదలుపెట్టిన కొత్తలో, వెనక మెట్ల మీద టీ తాగుతూ, ఇంతకీ ఈ పిల్లల కడుపులో ఏం వెతుకుతున్నావని అడిగాడు. నాకు ఎవరైనా అడగడమే ఆలస్యం. కేక వేసేదాని గురించీ, సర్దిచెప్పేదాని గురించీ, ఎర్రగా వాచిన పొర గురించీ టీ చల్లారిపోయేదాకా చెప్పాను. మంట కావాలి బాబాయ్, మంట లేకపోతే రోగం పోదు, కానీ ఆ మంట సమయానికి చల్లారాలి, లేకపోతే కొంప అంటుకుంటుంది అన్నాను. ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"మన అప్పన్న నాగే కదేటి. ఆయనది ఉగ్రం తల్లీ. ఏడాదికి ఒకపాలే గంధం తీత్తారు. మిగతా దినాలన్నీ గంధంలోనే ఉంచుతారు. నేకపోతే ఆ ఏడి ఎవులు తట్టుకుంతారు?"

సింహాచలం కొండ మీది వరాహ నరసింహస్వామి మా వైపు అందరికీ అప్పన్నే. ఏడాది పొడవునా చందనం ముద్దలో ఉంటాడు. వైశాఖంలో ఒక్కరోజు ఆ చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు, మళ్లీ పూస్తారు. చిన్నప్పటినుంచీ చూస్తున్న సంగతే గానీ నాకు ఎప్పుడూ తట్టలేదు. ఎంత బాగుందో ఆ పోలిక. ఇంటర్‌ల్యూకిన్-17 నిజరూపం, ఇంటర్‌ల్యూకిన్-10 చందనం. నేను ఆ వారమే సెమినార్లో ఆ మాట వాడేశాను. చప్పట్లు కూడా పడ్డాయి. బాబాయ్ చెప్పాడని మాత్రం చెప్పలేదు, అంత మంచిదాన్ని కాదు నేను.

ఆ విడతలో రెండు గుంపులు. తెల్లకార్డు కట్టిన బోనుల్లో టీకా వేయని ఎలుకలు, పసుపుకార్డు బోనుల్లో టీకా వేసినవి. అన్నిటికీ బాక్టీరియా పట్టించాం. కొద్దిరోజుల తర్వాత సగం ఎలుకల్ని తీసి చూస్తే అనుకున్నట్టే పసుపుకార్డు ఎలుకల్లో మంట ఎక్కువగా ఉంది. మిగతా సగాన్ని కొన్ని వారాలు వదిలి, అప్పటికి ఆ మంట తగ్గిందో లేదో చూడాలి. ఆ వారాలు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పసుపుకార్డు ఎలుకలు బొచ్చు లేపుకుని, వీపు వంచుకుని ఒక మూల ముద్దగా కూర్చునేవి. నేను రోజూ వాటి ముందు నిలబడి, మంట చాలా ఎక్కువగా ఉంది బాబాయ్, చల్లారుతుందో లేదో అని ఏడుపుముఖం పెట్టేదాన్ని. ఆయన తల ఊపి సీసాలు తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఎలుకల గదిలో ఏదో మంచి వాసన వచ్చేది. ఎలుకల గది వాసన తెలిసినవాళ్లకి అది ఎంత వింతో అర్థమవుతుంది. ఫినాయిల్ మార్చినట్టున్నారు, ఆఫీసువాళ్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది అనుకున్నాను.

మిగతా సగం ఎలుకల పరీక్షకి రోజు వచ్చింది. మైక్రోస్కోపు కింద మొదటి స్లైడు చూశాను. పొర చక్కగా, వాపు దిగి, ముడతలు ముడతలుగా కుదురుగా ఉంది. రెండోదీ అంతే. కబుర్లు కొలిచే పరీక్షలో చిన్నచిన్న గుంటల్లో రంగు వస్తుంది, ఎంత కబురు ఉంటే అంత చిక్కటి పసుపు. ఇంటర్‌ల్యూకిన్-17 వరస మొదటిసారి పసుపునీళ్లలా ఉండేది, ఇప్పుడు దాదాపు వెలిసిపోయింది. ఇంటర్‌ల్యూకిన్-10 వరస చిక్కబడింది. బాక్టీరియా మాత్రం తిరిగి పెరగలేదు. అంటే కేక వినబడింది, పని అయింది, పెద్దమనిషి వచ్చి అందరినీ ఇళ్లకి పంపేశాడు. నేను స్టూలు మీదనుంచి లేచి గదిలో గుండ్రంగా తిరిగాను. సార్ ఊళ్లో లేరు, మర్నాడు వస్తారు. ఆగలేకపోయాను. స్కూటీ మీద ద్వారకానగర్ దాకా వెళ్లి మాడుగుల హల్వా కొనుక్కొచ్చి, మెట్లు రెండేసి దిగి, మొదటి ముక్క బాబాయ్ నోట్లో పెట్టాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. హల్వా నములుతూనే రెండు చేతులూ ఎత్తి సింహాచలం ఉన్న దిక్కుకి దండం పెట్టాడు. తర్వాత అలమరలోంచి ఒక కాగితం పొట్లం తీసి, ఎంతో మురిపెంగా నాకు చూపించాడు. విప్పితే చందనం. నిజరూపం రోజున స్వామి మీంచి ఒలిచిన గంధాన్ని ప్రసాదంగా ఇస్తారు. మా వైపు దాన్ని దాచుకుని, ఒంట్లో బాగోలేనప్పుడు చిటికెడు నీళ్లలో కలిపి తాగుతారు.

"రోజూ సిటికెడు నీళ్లలో కలిపి ఏసినాను తల్లీ. నువ్వు మంట మంట అంతన్నావు కదా. గంధం సీసా మూతికి అడ్డుపడిపోద్దని తువ్వాల్లో వడగట్టి మరీ పోసినాను."

నా చేతిలో హల్వా పొట్లం అలాగే ఉండిపోయింది. అన్ని బోనుల్లోనూ వేశావా బాబాయ్ అని అడిగాను. అన్నిటికీ వేసివుంటే ఇంకా కొంత నయం, అన్నిటికీ ఒకే కష్టం అనుకోవచ్చు. ఆయన నన్ను వింతగా చూశాడు. తెల్లకార్డు పిల్లలకి అంత మంట లేదు కదా, వాటికెందుకు, పసుపుకార్డువాటికే వేశానన్నాడు.

అయిపోయింది. మంట చల్లారింది, నిజమే. కానీ దానంతటదే చల్లారిందా, గంధంతో చల్లారిందా? ఇంక ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేరు. నాలుగేళ్ల పనిని తువ్వాల్లో వడగట్టేశాడు ఆ మహానుభావుడు. నా కోపం రెండడుగులు కాదు, ఇరవై అడుగులు ముందుకెళ్లింది. ఏమన్నానో వరసగా గుర్తులేదు గానీ, ఎలుకలు కూడా బోనుల్లో కదలడం మానేశాయి. ఆయనకి మొదట అర్థం కాలేదు. తను చెడగొట్టింది ఏమిటో నెమ్మదిగా అర్థమయ్యాక పొట్లం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమిలిన హల్వా మింగలేక, ఉమ్మలేక అలా నిలబడ్డ ఆయన ముఖం చూస్తే నాకు కోపం మీద ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. ఓదారుస్తాడనుకుంటే నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, కుర్చీలోంచి జారిపోయేంత నవ్వి, "ఎలకలకి అప్పన్న పెసాదమా" అని మళ్లీ నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇంతకీ ఎలుకలకి తగ్గిందా లేదా అని అడిగింది. తగ్గింది అన్నాను. మరి ఇంకేటి నీ బాధ అంది. ఆ ఇంట్లో నా బాధ చెప్పుకోవడానికి మనిషి లేడని ఆ సాయంత్రం తేలిపోయింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు నేను వెళ్లేసరికి బాబాయ్ నాకంటే ముందే సార్ గది ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో పొట్లం. తనే అంతా చెప్పేశాడట. లోపలికెళ్తే సార్ కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆ తర్వాత మాత్రం గంభీరంగానే మాట్లాడారు. గంధంలో ఏ గుణముందో మనకి తెలియదు, వాపు తగ్గించే గుణం ఉన్నా ఉండొచ్చు, కాబట్టి ఈ విడత కొట్టేయాల్సిందే అన్నారు. తను వెళ్లేలోపు ఇంకొక్క విడతకి సమయం ఉంది, అదే ఆఖరు. ఈసారి నాలుగు గుంపులు చేద్దాం, టీకా ఉన్నవాటిలోనూ లేనివాటిలోనూ సగం వాటికి గంధం, సగం వాటికి మంచినీళ్లు. గంధం మనమే కొలిచి వేద్దాం అన్నారు. పొట్లం చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుని, దాని మీద నమూనా అని చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టారు. ఎలుకల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీకి గంధం ఎక్కడిదో, ఎందుకో వివరిస్తూ ఆయనే రాశారు. ఆ కాగితం చదివినప్పుడు కమిటీలో అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారని తర్వాత తెలిసింది.

నీళ్లు ఎవరు పోయాలన్న దగ్గర సార్‌కీ నాకూ పడలేదు. ఎలుకల గదికి ఇంకెవరినైనా వేయమన్నాను, కనీసం సీసాలైనా తాళం వేసి ఉంచుదామన్నాను. సార్ ఒప్పుకోలేదు. చెప్పకుండా వేసినప్పుడు తప్పని ఎవరూ అతనికి చెప్పలేదు, ఇప్పుడు చెప్పాం, అతనే పోస్తాడు అన్నారు. నా భయం నాది. మంచినీళ్లు తాగాల్సిన పసుపుకార్డు ఎలుకలకి ఆయన జాలిపడి ఒక్క చిటికెడు వేశాడంటే ఇక నాలుగో విడత ఉండదు. వేసినా మాకు తెలియదు, అంత పలచటి గంధాన్ని పట్టుకునే పరీక్ష మా దగ్గర లేదు.

మళ్లీ టీకాలు, మళ్లీ బాక్టీరియా. టీకా వేసి మంచినీళ్లిచ్చేవాటికి పసుపుకార్డు, టీకా వేసి గంధం ఇచ్చేవాటికి ఎర్రకార్డు. వారం తిరిగేసరికి రెండు గుంపులూ మళ్లీ బొచ్చు లేపుకుని మూలన కూర్చున్నాయి. ఎర్రకార్డు బోనుల ముందు బాబాయ్ బాగానే ఉండేవాడు. కొలిచి ఇచ్చిన గంధం నీళ్లు పోసి, తాగండ్రా అని బుజ్జగించేవాడు. పసుపుకార్డు బోనుల దగ్గరికొచ్చేసరికి సీసా చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాడు. సీసా మార్చడానికి అంతసేపు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఆయన వాటితో ఏదో గొణుగుతుంటే తలుపు దగ్గర ఆగి విన్నాను. ఇంకొన్నాళ్లు ఓర్చుకోండని బతిమాలుతున్నాడు. ఆయన టీకి వెళ్లినప్పుడు నేను ఒక్కో సీసా మూత తీసి వాసన చూసేదాన్ని. ఏ వాసనా రాకపోతే సంతోషించేదాన్ని, అంతలోనే తక్కువ వేస్తే వాసన రాదేమో అనుకునేదాన్ని. ఇలా కొన్నాళ్లు సాగాక, నా ముక్కు మీద నాకే నమ్మకం పోయింది.

ఆ సంగతి నాన్నతో అంటే ఈసారి ఆయన నవ్వలేదు. ఫర్నేసు దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో వాళ్ల ఫోర్‌మన్ ఒకే మాట చెప్పేవాడట, ఫర్నేసులోకి పోయే గాలి కట్టేశాం అని పక్కవాడు చెబితే కట్టేసినట్టే అనుకుని నీ పని నువ్వు చేయాలి, నమ్మలేకపోతే షిఫ్టుకి రాకు అని. ఆ మర్నాటినుంచి నేను సీసాల జోలికి పోలేదు. సంశయం పోయిందని కాదు, సీసాల జోలికి పోలేదు, అంతే.

బాబాయ్ కూడా నాతో ముభావంగానే ఉండేవాడు. కోపమని కాదు. ఎక్కడ ఏది ముట్టుకుంటే ఏం చెడిపోతుందో అన్నట్టు ఉండేవాడు. హల్వా ముక్క నోట్లో పెట్టినప్పటి ఆ ముఖం మళ్లీ కనిపించలేదు. నాకది బాధగానే ఉండేది. మాట్లాడదామంటే ఏం మాట్లాడినా చివరికి ఆ నీళ్ల దగ్గరికే వెళ్తుందని భయం. ఇద్దరం మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ, పోర్టులోకి పోయే ఓడల్ని లెక్కపెట్టుకునేవాళ్లం.

వానాకాలం వెళ్లిపోయి ఎండ మెత్తబడ్డాక ఆఖరి పరీక్ష చేశాం. ఏ స్లైడు ఏ గుంపుదో నాకు తెలియకుండా సార్ గుర్తులు మార్చేశారు. చూసిందాన్ని చూసినట్టు చెబుతూ పోయాను, ఆయన రాసుకుంటూ పోయారు. అంతా అయ్యాక గుర్తులు విప్పి చూసుకున్నాం. టీకా లేనివాటిలో గంధం తాగినా తాగకపోయినా బాక్టీరియా దర్జాగా ఉంది. టీకా వేసినవాటిలో పసుపుకార్డూ ఎర్రకార్డూ ఒకేలా ఉన్నాయి. రెండిట్లోనూ బాక్టీరియా తగ్గింది, రెండిట్లోనూ వాపు దిగింది. రెండిట్లోనూ కేక తగ్గి, సర్దిచెప్పే కబురు పెరిగింది. గంధానికి ఇందులో పని లేదు. మంట దానంతటదే చల్లారుతుంది.

చల్లారుతుంది, బాబాయ్ రెండిట్లోనూ గంధం వేసివుండకపోతే. నేనీ మాట పైకి అనలేదు గానీ సార్ నా ముఖంలో చదివేశారు. ఆయన కలం మూసి బల్ల మీద పెట్టారు.

"వెళ్లి ఒక్క మాట అడిగి రామ్మా. అతనేం చెబితే అదే. తర్వాతే రాద్దాం."

కిందికి వెళ్లాను. బాబాయ్ పంపు దగ్గర ఖాళీ సీసాలు కడుగుతున్నాడు. ఫలితం చెప్పాను, గంధం వేసినా వేయకపోయినా ఒకటేనని. దేవుడి గంధం పనిచేయలేదంటే చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన ఆ మాటే పట్టించుకోలేదు. పసుపుకార్డు పిల్లలకి కూడా చల్లారిందా అని రెండుసార్లు అడిగాడు. చల్లారింది అన్నాను. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఇంక అడగాలి. బాబాయ్, పసుపుకార్డు సీసాల్లో ఒక్కపాలి అయినా, అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆయన పంపు కట్టేశాడు.

"నేదు తల్లీ. ఒక్క సుక్క ఏయనేదు. ఆటి మొకాలు సూత్తే సెయ్యి లాగీసీది. ఇంటికెల్తే అన్నం సయించీది కాదు. అప్పుడు అప్పన్నకే మొక్కుకున్నాను. సామీ, నీ గంధం ఆటికి ఏయకుండా నా సెయ్యి నువ్వే అట్టుకో, కొండ మెట్లన్నిటికీ పసుపూ కుంకం ఎడతాను అని. అట్టుకున్నాడు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తడిసిన ఆయన చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. ఆ మెట్లన్నీ వంగి వంగి ఎక్కాలంటే నీ మోకాళ్లు ఊరుకుంటాయా బాబాయ్ అంటే, అది తర్వాత చూసుకుందాం, ముందు సార్‌కి చెప్పమన్నాడు. కుంకుమ గిన్నె నేను పట్టుకొస్తానని మాటిచ్చాను. అప్పుడు నవ్వాడు, ఇన్ని నెలల తర్వాత, నోరంతా తెరిచి.

సార్ కలం ఇంకా మూసే ఉంది. రొప్పుతూ గుమ్మంలోనే నిలబడి, రాసుకోవచ్చు సార్ అన్నాను.